గుండుతో వీసాకు పోయినాను

మొన్న జ్యూస్ ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ముగ్గురో నలుగురో నన్ను చూసేదానికి ఇంటికొచ్చినారు. మజ్జిగ తాగి, ఒకరి మొగం ఒకరు చూసుకుని లోపల్లోపల నవ్వుకుని, కడాకు ఒకతి ధైర్యం చేసి అడిగేసింది.

"పెద్దమ్మా, నువ్వు గుండు కొట్టించుకుని పోయి వీసా తెచ్చుకున్నావంట, నిజమేనా?"

నిజమే తల్లీ. కానీ మీకు చెప్పినోళ్ళు గుండు గురించే చెప్పినట్టుండారు. అందరూ ఆడే నిలబడిపోతారు, నవ్వుకునేదానికి బాగుంటుంది గదా. అసలు కత గుండుది కాదు. ఆ పొద్దు నేను ఏమి అడిగినానో, ఏమిస్తామంటే వద్దన్నానో, అదీ కత. రేపు మీరు కూడా పని మీద యాడికో ఒక చోటికి పోవాల్సినోళ్ళే గాబట్టి వివరంగా చెప్తాను. పేర్లు మాత్రం అడగొద్దండి. కొందరు కాలమైపోయినారు, ఉన్నోళ్ళకు నేనంటే ఇప్పటికీ రవంత భయం. ఆ భయం అట్లే ఉండనీ.

మన చిత్తూరు పక్క తోతాపురి ఎంత దండిగా కాస్తుందో మీకు చెప్పబన్లేదు. సీజను వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు కాణ్ణించి రోడ్డు పొడుగునా కాయల ట్రాక్టర్లే. కాయ దింపి, వరిగడ్డిలో మాగేసి, మాగినదాన్ని ఏరి, కడిగి, ముచ్చిక కోసి, చెక్కు తీసి, గుజ్జు చేసి డబ్బాల్లోకి ఎత్తేది. ఆ రెండు మూడు నెలలూ పగలని లేదు, రాత్రని లేదు. తర్వాత ఎవురి చేనుకు వాళ్ళు, ఎవురి ఆవుల కాడికి వాళ్ళు.

తొంభైల్లో నేను చేరినప్పుడు కత్తి పట్టుకుని ముచ్చికలు కోసేదాన్ని. లైనులో నలభై మంది ఆడోళ్ళం. మా నెత్తిన ఒక మగ సూపర్వైజరు, కుర్చీ ఏసుకుని కూర్చుని ఉంటాడు. ఒంటికి పోవాలంటే చెయ్యెత్తి ఆయప్పకు చూపించాల. చూపిస్తే పళ్ళికిలిస్తాడు. "ఇప్పుడే గదా పోయినావు" అంటాడు, నలుగురు వినేటట్టు. పసిబిడ్డల తల్లులు రొమ్ములు సలపరించి కండ్లనీళ్ళు పెట్టుకుంటా కాయ కోసినారు తల్లీ, నేను చూసినాను. మీకు ఇప్పుడు గంట కొడితే టీ, గంట కొడితే బువ్వ. అది ఆకాశం నించి ఊడిపడింది కాదు.

ఒక సీజన్లో ఆయప్ప మాగని కాయ, మురిగిన కాయ కలిపి లైనుకు ఎక్కించి లోడు లోడంతా పాడు చేసినాడు. మేనేజరు సారు కోపంలో ఆయప్పను పొమ్మని, మా తట్టు తిరిగి, "రేపటిదాకా ఎవురో ఒకరు చూసుకోండి" అన్నాడు. ఆ ఎవురో ఒకరు నేనే. నా నోరు పెద్దది గాబట్టి అందరూ నన్నే ముందుకు తోసినారు. రేపటిదాకా అన్నది సీజను మీద సీజను గడిచిపోయింది. ఆ కుర్చీలో నేను కూర్చున్నది తక్కువ, లైను ఎంబడి తిరిగింది ఎక్కువ. కానీ కుర్చీ మాత్రం నాదే.

రెండువేలు దాటినాక ఒక పొద్దు ఆఫ్రికా నించి ఒక కంపెనీ దొరలు ఫ్యాక్టరీ చూసేదానికి వచ్చినారు. మన మాదిరి మిషన్లే వాళ్ళు కూడా కొన్నారంట. వాళ్ళకాడ మామిడి మన చలికాలంలో వస్తుందంట. మిషన్లు తిప్పే మొగోళ్ళు ఉండారు, ఆడోళ్ళను లైను మీద నిలబెట్టి పని నేర్పించే మనిషి లేదు. వాళ్ళు నా లైను కాడ రొంతసేపు నిలబడి, నా అరుపులు విని, మేనేజరును అడిగినారు, ఈమెను రెండేండ్లు పంపిస్తారా అని.

మేనేజరు సారు ఇంగ్లీషులో ఏమేమో మాట్లాడి, నా తట్టు తిరిగి, "విమానమెక్కుతావా?" అన్నాడు.

"ఎక్కుతాను సార్" అన్నాను. మా ఇంటాయన్ను అడిగి చెప్తానని అనాల్సింది. అనలేదు. సంతోషంలో నోరు ఊరుకోలేదు. ఇంటికి పోయి చెప్తే మా ఇంటాయన ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తా ఉండాడు, ఆడించే, "యాడికి? పాకాలకా?" అన్నాడు. పాకాల నా పుట్టినూరు. నేను ఎప్పుడు ఊరికి పోవాలన్నా ఆడికే గదా, ఆయన తప్పేముంది.

మా అత్త మాత్రం రెండు దినాలు నాతో మాట్లాడలేదు. మూడో దినం, "ఆవులకు గడ్డి ఎవురేస్తారు?" అనింది. "మీ కొడుకు ఏస్తాడు" అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయింది.

పాస్‌పోర్టుకు రాసినాము. విచారణకు పోలీసాయన వచ్చినాడు. మా ఈదిలో ఎవురింటికీ ఎప్పుడూ పోలీసులు రాలేదు, అందుకని ఈది ఈదంతా మా వాకిట్లో నిలబడింది, నేను ఏమి దొంగతనం చేసినానో తెలుసుకునేదానికి. ఆయన ఇంగా వాకిట్లో ఉండగానే మనసులో మొక్కుకున్నాను, నాయనా ఏడుకొండలోడా, ఈ కాగితం వచ్చిందంటే నిండు తలనీలాలు ఇచ్చుకుంటానని.

కాగితం వచ్చింది. నల్ల అట్ట పుస్తకం, లోపల నా ఫోటో. ఇంత లావు కొప్పు, రెండు పక్కలా కనకాంబరాలు కనిపిస్తా ఉండాయి. స్టూడియో ఆయన పూలు వద్దన్నా వినకుండా పెట్టుకుని దిగినాను లెండి. ఇంగ నేను విమానం ఎక్కినట్టే అని ఊరంతా అనుకునింది. మేమూ అట్లే అనుకున్నాము. దేశం దాటేదానికి పుస్తకం ఇచ్చినాక ఇంగ అడ్డమేముంది?

"మూడు కత్తెర్లు ఇస్తే చాలదా మేయ్?" అన్నాడు మా ఇంటాయన, నా జడ చూసుకుంటా.

"నిండుగా ఇస్తానని నోటితో అన్నాను. ఆ సామికి బాకీ పెట్టి సముద్రం దాటమంటావా? వడ్డీతో వసూలు చేస్తాడు."

ఇద్దరమూ కొండకు పోయినాము, ఇచ్చేసినాను. నున్నటి గుండు, దాని మీద గంధం. నిజం చెప్పాలంటే తలకాయ ఎంత తేలికైందో! కొండ దిగి, లడ్డు ప్రసాదం చేతిలో పట్టుకుని, నేరుగా తిరపతి బస్టాండు పక్కన ఉండే ఏజెంటు కాడికి పోయినాము. విమానం టికెట్టు ఆయనే తీస్తాడని మేనేజరు సారు చెప్పి పంపించినాడు.

ఆ ఏజెంటు మనిషి మంచోడే, నోరే మంచిది కాదు. నా పుస్తకం తెరిచి ఫోటో చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళా ఫోటో చూసినాడు. నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఏంది తల్లీ ఇది! వీసా రాకముందే గుండా?"

"వీసా అంటే?" అన్నాను.

"అట్లడుగు! శుభం!" అని కుర్చీలో వెనక్కి వాలిపోయినాడు. తర్వాత చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పినాడు. పాస్‌పోర్టు అంటే మనింటోళ్ళు మన వాకిలి తీసి పొమ్మనింది. వీసా అంటే వాళ్ళింటోళ్ళు వాళ్ళ వాకిలి తీసి రమ్మనేది. ఆ వాకిలి ఇంగా తియ్యలేదు. దానికి మద్రాసులో వాళ్ళ కాన్సులేటుకు పోయి, ఎదురుగా నిలబడి జవాబులు చెప్పాల.

"ఈ ఫోటోలో ఉండే మనిషి నువ్వేనంటే ఎవురు నమ్ముతారు? నేనే నమ్మను. నువ్వు ఈమె పుస్తకం ఎత్తుకొచ్చినావంటారు."

"జుట్టు మొలిచినాక పోతాను."

"నీకు జుట్టు మొలిచేటప్పటికి వాళ్ళ సీజను ముగిసిపోతుంది. వాళ్ళు రమ్మని రాసింది ఈ సీజనుకు." గొంతు తగ్గించి, "రేపు రా. విగ్గు తెప్పిస్తాను. నికరమైన జుట్టు. పెట్టుకుని కొప్పేసుకున్నావంటే ఫోటోలో ఉన్నట్టే ఉంటావు" అన్నాడు.

"ఆ జుట్టు యాడిది?"

"యాడిదైతే నీకేమి? తిరపతిలో జుట్టుకు కరువా?"

నాకు రేగింది. "సామికి ఇచ్చినదాన్ని మళ్ళా కొనుక్కుని నెత్తిన పెట్టుకోమంటావా? నాది నాకే దొరికినా పెట్టుకోను. ఇంగెవురో మొక్కుకుని ఇచ్చిందైతే వాళ్ళ మొక్కు కూడా నేను చెడగొట్టాలా?"

"సరే, అట్లయితే ఒక మాట చెప్పు. జ్యూసులో వెంట్రుకలు పడకుండా ఫ్యాక్టరీ పని కోసమే గుండు చేయించుకున్నానని చెప్పు. మెచ్చుకుంటారు."

"బాగుండాది! అట్ల చెప్పినానంటే, నేను పోకముందే ఆడ ఆడోళ్ళందరికీ గుండ్లు కొట్టిచ్చి వరసగా కూర్చోబెట్టుంటారు."

మా ఇంటాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయినాడు. ఏజెంటు చేతులెత్తి నా గుండుకో, ఏడుకొండలోడికో దండం పెట్టి, అప్లికేషను తీసి నింపడం మొదలుపెట్టినాడు. నింపతా నింపతా, తల ఎత్తకుండా, "సింగిల్ ఎంట్రీ" అనుకుంటా ఏదో గీత కొట్టబోయినాడు.

"అదేంది?"

"ఒకసారి లోపలికి పోయేదానికి. మల్టిపుల్ అంటే ఎన్నిసార్లైనా పోయి రావొచ్చు. అది అడిగితే సవాలక్ష ప్రశ్నలు. మన కేసు ముందే గుండు కేసు. సింగిల్ చాలు."

ఎందుకో నా మనసు ఒప్పలేదు. "గీత కొట్టొద్దు. రెండు దినాల్లో వచ్చి చెప్తాను" అని లేసినాను.

పాకాలలో మా పుట్టింటి పక్కన ఒక అన్న ఉండేవాడు. మా ఫ్యాక్టరీలోనే బాయిలరు చూసేవాడు, నాకు ముందే ఇంగొక దేశానికి పోయొచ్చినాడు. పోయొచ్చినాక ఎందుకో అందరితో మాటలు తగ్గించేసినాడు. నేను పోయి అడిగితే అరుగు మీద కూర్చుని మెల్లిగా చెప్పుకొచ్చినాడు. ఆయనది సింగిల్. రెండేండ్ల పనికి పోయినాడు. మధ్యలో వాళ్ళ నాయన పోయినాడని కబురొస్తే వచ్చేసినాడు. వచ్చినాక, ఆ వీసా అంతటితో చచ్చిపోయింది, మళ్ళా పోయేదానికి లేదన్నారు. ఈడ ఫ్యాక్టరీలో ఆయన బాయిలరు అప్పటికే ఇంగొకరి చేతికి పోయుండాది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోడు మునుగుతాడంటారు చెల్లే. నేను ఒక్క పడవ మీదే పెట్టినాను. అదీ మునిగింది" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. "పోయేది పెద్ద పని కాదు. ఎవురైనా పోతారు. మళ్ళా రావాల, మళ్ళా పోవాల. దానికి కాగితం అడుగు."

మర్సదినం మేనేజరు సారు కాడికి పోయినాను. సార్, నాకు రెండేండ్లకు మల్టిపుల్ కావాల, మన సీజనుకు నేను ఈడికి రావాల అని చెప్పినాను. మన సీజన్లో వాళ్ళకు కాయ ఉండదు, వాళ్ళకేమీ అడ్డం లేదు, ఆ మాట వాళ్ళే ఒప్పుకున్నారు. సారు లెక్కపత్రాలు చూసుకుంటా, "ఏదిస్తే అది తీసుకుని ముందు పోమ్మా. ఈడ సంగతి నీకెందుకు? రెండు సీజన్లే గదా, పాత సూపర్వైజర్ను పిలిపిస్తే వచ్చి చూసుకుంటాడు" అన్నాడు.

అంత సులువుగా అనేసినాడు. ఆయన చెడ్డోడు కాదు. ఆ పళ్ళికిలించే మనిషి కింద పని చేసింది ఆయన కాదు, అంతే. నేను గేటు దాటి వస్తా ఉంటే, లైనులో కత్తులు పట్టుకుని ఎంతమంది ఆడోళ్ళు ఆ కుర్చీ తట్టు చెయ్యెత్తి నిలబడినారో వాళ్ళందరూ కండ్లకు కట్టినారు. ఆ పొద్దే తిరపతికి పోయి ఏజెంటుకు చెప్పినాను, మల్టిపుల్ మీద గీత కొట్టమని. "నీ కర్మ" అన్నాడు. కానీ కొట్టినాడు.

ఇంటర్వ్యూకు తిరపతి నించి బస్సులో పోయినాము. పుత్తూరు దాటినాము, నగరి దాటినాము. బస్సులో నా గుండు చూసి అందరూ జరిగి చోటిచ్చినారు. "కొండనించి వస్తా ఉండావా తల్లీ?" అని చెయ్యి చాపినారు. మద్రాసులో చుట్టాలకని తెచ్చిన లడ్డు తిరుత్తణి చేరకముందే అయిపోయింది. మద్రాసులో దిగితే ఆడ కూడా ఎవురూ వింతగా చూడలేదు. తిరపతి గుండ్లు చూసి చూసి వాళ్ళకు అలవాటే.

కాన్సులేటు లోపలికి నన్ను ఒక్కదాన్నే పంపించినారు. మా ఇంటాయన రోడ్డు అవతల టీ కొట్టు కాడ నిలబడినాడు. లోపల ఏసీ. మీరెవురూ గుండుతో ఏసీలో కూర్చోనుండరు. తలకాయ మీద ఐసు గడ్డ పెట్టినట్టు ఉంటుంది. నెత్తిన కొంగు కప్పుకుని కూర్చున్నాను. కొంగు తియ్యొద్దని ఏజెంటు మరీ మరీ చెప్పినాడు. చుట్టూ కోట్లేసుకున్న మొగోళ్ళు.

నాకు ఇంగ్లీషు రాదు గాబట్టి ఒక అరవాయన్ను పెట్టినారు మాట చెప్పేదానికి. నుదుటిన విభూతి పెట్టుకున్న గుమాస్తా. మన సరిహద్దోళ్ళకు అరవం కొత్తా? ఫ్యాక్టరీలో సగం మందితో నేను అరిచేది అరవంలోనే. నేను అరవంలో చెప్తే ఆయన ఇంగ్లీషులో చెప్తాడు.

లోపల గదిలో మేజా వెనకాల ఒక ఆడమనిషి కూర్చోనుండాది. నల్లగా, ఎత్తుగా, చెవులకు పెద్ద పెద్ద రింగులు. ఆమె తల చూసినాను, చూసి నోరు తెరిచినాను. ఆమె జుట్టు కూడా తలకాయకు అంటుకుని గోరంతే ఉండాది. గుండు కొట్టించుకుని పది దినాలైతే ఎట్లుంటుందో అట్ల.

ఆమె పాస్‌పోర్టులో ఫోటో చూసింది, నా కొంగు చూసింది, తియ్యమని చేత్తో సైగ చేసింది. తీసేసినాను. ఇంగ అయిపోయింది అనుకున్నాను.

ఆమె నా గుండు చూసి, తన తల తడుముకుని, గట్టిగా నవ్వేసింది. ఏదో అనింది. గుమాస్తా కూడా నవ్వుతా చెప్పినాడు, "మన ఇద్దరిలో ఎవురికి బాగుంది అని అడగతా ఉంది."

"నాకే. నాది కొత్తది" అన్నాను.

వాళ్ళ దేశంలో బడికి పోయే ఆడపిల్లలందరికీ జుట్టు ఇట్లే కత్తిరిస్తారంట. పెద్దోళ్ళు కూడా దండిగా ఇట్లే ఉంటారంట. ఎందుకు తీయించుకున్నావని అడిగింది, మొక్కు అని చెప్పినాను. పక్కకు తిరగమనింది, తిరిగినాను. గడ్డం మీద పుట్టుమచ్చ చూసింది, ఫోటోలో మచ్చ చూసింది, తల ఊపింది. అంతే! ఇంత భయం, ఇంత గోల, ఆడ నిమిషంలో తేలిపోయింది. విగ్గు పెట్టుకుని పోయి అది ఆమె చేతికి ఊడొచ్చింటే నా గతి ఏమయ్యుండునో మీరే అనుకోండి.

తర్వాత ఆమె నవ్వు ఆపింది. కాగితం మీద వేలు పెట్టి అడిగింది. మల్టిపుల్ ఎందుకు?

చెప్పినాను, మా సీజనుకు రావాలని. ఆమె తల అడ్డంగా ఊపింది. మల్టిపుల్ తీసుకున్నోళ్ళు పని వదిలేసి, వస్తా పోతా సరుకులు తెచ్చి అమ్ముకుంటారంట. పనికి పోయేవాళ్ళకు సింగిల్ చాలంట. "రెండేండ్లకు సింగిల్ ఇస్తాను. ఇప్పుడే ఇస్తాను" అని ముద్ర తట్టు చెయ్యి చాపింది.

గుమాస్తా ఆ మాట నాకు చెప్పి, మెల్లిగా తన మాట ఒకటి కలిపినాడు. "ఒప్పుకోమ్మా. చానా మందికి ఇదీ రాదు."

తల్లీ, మీతో అబద్ధమెందుకు, ఒప్పుకుందామనే అనిపించింది. చెయ్యి చాపితే అందేటట్టు ఉండాది. మేనేజరు సారు ఏదిస్తే అది తీసుకోమన్నాడు. ఏజెంటు అదే అన్నాడు. ఊరంతా నేను విమానమెక్కుతానని చూస్తా ఉండాది. ఒట్టి చేతులతో పోతే మా అత్త ఏమంటుందో కూడా నా చెవుల్లో వినిపించింది. అయినా నోట్లోంచి వచ్చిన మాట ఒకటే.

"వద్దు."

గుమాస్తా ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. "నిజంగానే అట్ల చెప్పమంటావా?" అన్నాడు.

"వద్దనే చెప్పు. సింగిల్ అయితే నేను పోను."

చెప్పినాడు. ఆమె పెన్ను కింద పెట్టేసింది. ఎందుకని అడిగింది. ఇంగ నేను మేనేజరు నేర్పించిన మాటలు, ఏజెంటు నేర్పించిన మాటలు అన్నీ మరిచిపోయి, లైను మీద మాట్లాడినట్టే మాట్లాడేసినాను.

"నా లైనులో నలభై మంది ఆడోళ్ళు ఉండారు. మాకు ముందు ఒక మగమనిషి ఉన్నాడు. ఒంటికి పోయేదానికి ఆయప్పకు చెయ్యెత్తాల. బిడ్డకు పాలిచ్చేదానికి కాళ్ళు పట్టుకోవాల. ఇప్పుడు అట్ల లేదు, ఆ కుర్చీ నాది గాబట్టి. నేను రెండు సీజన్లు రాకపోతే ఆ మనిషే మళ్ళా వచ్చి కూర్చుంటాడు. మీ దేశం ఆడోళ్ళకు పని నేర్పించేదానికి పోతా, నా ఆడోళ్ళను ఆయప్ప చేతిలో పెట్టి రావాల్నా? అట్లాంటిదాన్ని నేను వాళ్ళకు నేర్పించేది ఏముంటుంది?"

గుమాస్తా ఒక్కొక్క మాటే చెప్తా పోయినాడు. ఒంటికి పోయే మాట కాడ తడబడినాడు పాపం, అయినా చెప్పినాడు. ఆమె వింటా ఉండాది గానీ మొగంలో ఏమీ తెలియలేదు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "మీ దేశం ఫ్యాక్టరీలో ఆ కుర్చీలో ఎవురుండారు? అడుగు" అన్నాను గుమాస్తాతో.

గుమాస్తా అడిగితే, ఆమె పెన్ను మళ్ళా చేతికి తీసుకునింది. "మగాయనే అనుకుంటాను" అనింది. తర్వాత నా కాగితాలన్నీ ఒక దాని మీద ఒకటి పెట్టి, "సాయంత్రం రండి" అని పంపించేసింది.

బయటికొచ్చి రోడ్డు దాటినాను. టీ కొట్టు బల్ల మీద కూలబడినాను. "ఇస్తామన్నారా?" అన్నాడు మా ఇంటాయన.

"సింగిల్ ఇస్తామన్నారు. వద్దన్నాను."

తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండు, నాకు కూడా ఏడ్చుకునేదానికి ఒక సాకు దొరికుండు. ఆయన చేతిలో ఉండే టీ తాగేసి గ్లాసు కడిగి పెట్టి, "ఇడ్లీ తిందాం రా. పొద్దున్నించి నువ్వేమీ తినలేదు" అన్నాడు. తినేటప్పుడు మాత్రం ఒకటి అడిగినాడు. "మల్టిపుల్ ఇచ్చింటే మాత్రం, సీజనుకు నిజంగా వచ్చుంటావా? ఆడ మంచి జీతం, మంచి ఇల్లు. రాబుద్ధి అయ్యుండునా?" ఆ అడిగిందాంట్లో ఎంత దిగులుందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని దినాలూ నవ్వుతా తిరిగినాడు, ఒక్క మాట అనలేదు.

"వచ్చుంటాను" అన్నాను. "నీ కోసం కాదులే, లైను కోసం." ఆయన నవ్వినాడు. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

సాయంత్రం గుమాస్తా కిటికీలోంచి నా పుస్తకం ఇచ్చినాడు. పోయిరమ్మని తల ఊపినాడు. నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలీవు. మా ఇంటాయన పదో తరగతిదాకా చదివినాడు, అదీ తప్పినాడు. రోడ్డు మీద నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటా చదివినాడు. యమ్ము, యూ, యల్లు... మళ్ళా మొదటి నించి చదివినాడు. తర్వాత రోడ్డు మీద పోయే జనమంతా తిరిగి చూసేటట్టు అరిచినాడు.

"మల్టిపులే మేయ్! రెండేండ్లకు! మల్టిపులే!"

ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారి. బస్సులో నగరి దాటినాక కూడా చదివించినాను. ఆయన విసుక్కోలేదు.

ఇంగ ఆడికి పోయింది, ఆ ఆడోళ్ళు నన్ను చూసి నవ్వింది, నా నోటికి వాళ్ళ భాష నాలుగు మాటలు అంటుకునింది, అదంతా పెద్ద కత. వాళ్ళు కూడా మన మాదిరే. కాయ కోస్తా పాడతారు, మేస్త్రీ వెనక తిరగ్గానే ఎగతాళి చేస్తారు. నేను పోయిన నెలకే వాళ్ళ లైనులో ఒకామెను, నాకంటే నోరు పెద్దదాన్ని, చూసి పెట్టుకున్నాను. సీజను ముగిసేసరికి ఆడ కుర్చీ ఆమెది.

మన సీజను మొదలైందని ఫోను రాగానే బయలుదేరినాను. మద్రాసులో దిగి, ఇంటికి పోకుండా, పెట్టెతో సహా నేరుగా ఫ్యాక్టరీకి పోయినాను. మేనేజరు సారు నేను రానని ఒక నమ్మకం మీద ఉండాడు. కుర్చీలో పాత మనిషి కూర్చోనుండాడు. వచ్చి మూడు దినాలైందంట. లైనులో ఒకామె చెయ్యెత్తి నిలబడుండాది, ఆయప్ప చూడనట్టు పక్కకు చూస్తా ఉండాడు.

ఆ ఆడమనిషి కాడికి పోయి, ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దించి, "పోయిరా పో" అన్నాను. లైను లైనంతా కత్తులు ఆపి చూసింది. ఆయప్ప తనంతట తానే లేసినాడు. గొడవ పడతాడేమోనని సిద్ధంగా ఉన్నాను, పడలేదు. తువ్వాల భుజాన ఏసుకుని గేటు తట్టు నడిచినాడు. మేనేజరు సారు కిటికీలోంచి చూసి, మళ్ళా లెక్కల్లోకి తల దూర్చినాడు. ఆ మనిషి తర్వాత ఆ కుర్చీలో మళ్ళా కూర్చోలేదు.

సీజను ముగిసినాక నేను మళ్ళా విమానమెక్కినాను. ఆ దేశంలో దిగినప్పుడు కిటికీ వెనక కూర్చుని ముద్రలేసే ఆయన నా పుస్తకంలో ఖాళీ పేజీ వెతుకుతా ఉండాడు. మొదటిసారి నేను దిగినప్పుడు వేసిన ముద్ర చూపించి, వాళ్ళ భాషలో, వచ్చీరాని మాటల్లో, దీని పక్కనే వెయ్యి అన్నాను. ఎందుకని అడిగినాడు. "అది వచ్చినదానికి. ఇది మళ్ళా వచ్చినదానికి" అన్నాను. నవ్వి, ఆ పక్కనే పెట్టి గట్టిగా అదిమినాడు.

ఆ పుస్తకం గడువు ఎప్పుడో ముగిసిపోయింది తల్లీ, బీరువాలో ఉండాది. మొదటి ముద్రకు నన్ను వాళ్ళు పిలిచినారు. రెండోది నేను వద్దని చెప్పి, అడిగి, నిలబడి తెచ్చుకునింది. గర్వమా అని అడిగితే, గర్వమే.